డార్క్ ఫాంటసీ కథల పత్రికకి క్రౌడ్‌ఫండింగ్: లక్ష్యం ఎంత పెట్టాలి? ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

రేచుక్క

అందరికీ నమస్కారం. నేనూ, ఇద్దరు స్నేహితులూ కలిసి డార్క్ ఫాంటసీ కథలకే ఒక పత్రిక పెట్టాలనుకుంటున్నాం. శాపాలు, చచ్చినా వదలని బంధుత్వాలు, గెలిచినవాడు కూడా ఏదో ఒకటి పోగొట్టుకునే యుద్ధాలు: మాకు ఇష్టమైన కథలన్నీ ఈ తరహావే. వీటిని మామూలు పత్రికలకి పంపితే మరీ చీకటిగా ఉన్నాయంటారు. హారర్ పత్రికలకి పంపితే భయం చాలలేదంటారు. ఇలా ఎటూ కాకుండా పోతున్న మంచి కథలకి ఒక చోటు ఉండాలని మా కోరిక.

మూడు నెలలకో సంచిక, ఏడాదికి నాలుగు. అచ్చు ప్రతి, ఈబుక్ రెండూ. ప్రతి కథకీ ఒక బొమ్మ. సొంత డబ్బు తక్కువ కాబట్టి పాఠకుల దగ్గరే ముందుగా సేకరించాలి. లక్ష్యం ఎంత పెట్టాలి? కథలు తీసుకున్నాక డబ్బు అడగాలా, డబ్బు వచ్చాక కథలు అడగాలా? ఇలాంటి పని చేసినవాళ్లు, దగ్గర్నుంచి చూసినవాళ్లు చెప్పండి.

పాతసంచిక

రేచుక్క గారూ, ఇలాంటి పత్రికని కొన్నేళ్లు నడిపిన అనుభవంతో చెబుతున్నాను. నాలుగు సంచికలకి అడగకండి. ఒక్క సంచికకి అడగండి.

ఏడాది మొత్తానికి ఒకేసారి అడిగి నిలబడ్డవాళ్లు లేకపోలేదు. అన్‌కానీ అనే ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ పత్రిక 2014లో కిక్‌స్టార్టర్ అనే క్రౌడ్‌ఫండింగ్ సైటుతోనే మొదలైంది, ఆ తర్వాతా ఏటా పాఠకుల దగ్గరికి వెళ్తూనే నడిచింది. కానీ దాని సంపాదకులకి అప్పటికే ఆ రంగంలో పేరుంది. వాళ్ల పాత పని చూసి జనం నమ్మారు. కొత్తవాళ్లని చూసి నమ్మాలంటే చేతిలో ఒక పూర్తయిన సంచిక ఉండాలి. రెండో ప్రచారానికి, అంటే మళ్లీ పాఠకుల్ని డబ్బు అడిగేటప్పుడు, మీ మొదటి సంచికే సాక్ష్యం.

ఇక లక్ష్యం. పోయినేడు ఎవరికో ఎంతొచ్చిందో చూసి అంకె వేసుకోవద్దు, పదాల నుంచి లెక్క కట్టండి. సంచికలో 40,000 పదాల కథలు ఉంటాయనుకుందాం. అమెరికాలోని సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం 2019లో వృత్తిస్థాయి పారితోషికాన్ని పదానికి 8 సెంట్లకి పెంచింది. ఆ రేటు ఇస్తే రచయితలకే 3,200 డాలర్లు. నాలుగు సంచికలకి 12,800. ఇంకా బొమ్మలు, ముఖచిత్రం, కాపీ ఎడిటింగ్, లేఅవుట్, అచ్చు, షిప్పింగ్ ఏవీ కలపలేదు. మీరు ఆ రేటే ఇవ్వాలని కాదు. ఎంత ఇస్తారో ముందు తేల్చుకుని, అక్కడ్నుంచి పైకి లెక్క కట్టమంటున్నాను.

కిక్‌స్టార్టర్ తన వాటాగా 5 శాతం తీసుకుంటుంది. కార్డు చెల్లింపులకి ఇంకో 3 నుంచి 5 శాతం పోతుంది. కాబట్టి వసూలైన దాంట్లో 90 శాతమే చేతికి వస్తుందనుకోండి. చాలామంది అవసరమైన మొత్తానికి 10 శాతం కలిపి ఊరుకుంటారు. అది చాలదు. 0.9తో భాగించాలి. 3,200 చేతికి రావాలంటే 3,520 కాదు, 3,556 వసూలు కావాలి. తేడా చిన్నదే, కానీ లక్ష్యం పెద్దదయ్యే కొద్దీ అదీ పెరుగుతుంది.

అక్కడ లక్ష్యం చేరకపోతే ఒక్క పైసా కూడా రాదు. అందుకని భయపడి లక్ష్యం తగ్గించేవాళ్లున్నారు. తగ్గించిన లక్ష్యం చేరితే ఇంకా ప్రమాదం: డబ్బు చాలదు, సంచిక మాత్రం ఇచ్చి తీరాలి. గడువు అయిపోయాక కొన్ని కార్డుల చెల్లింపులు ఫెయిలవుతాయి కూడా. వారం రోజులు మళ్లీ ప్రయత్నిస్తారు, అప్పటికీ కాకపోతే ఆ మొత్తం రాదు. మిగిలింది మీ ఖాతాలో పడటానికి సుమారు రెండు వారాలు. ఈలోగా ఏ ప్రెస్‌కీ అడ్వాన్స్ ఇస్తామని మాటివ్వకండి.

కొరివి

కథలు రాసేవాళ్ల తరఫున ఒక మాట. బడ్జెట్లో మొదటి వరుస రచయితల పారితోషికం కావాలి, మిగిలితే ఇద్దామనుకునే చివరి వరుస కాదు. పాతసంచిక గారు లెక్క అక్కడ్నుంచే మొదలుపెట్టడం చూసి సంతోషం వేసింది.

ఈ తరహా కథలకి ఇది పాత గాయం. 1923లో మొదలైన వియర్డ్ టేల్స్ పత్రిక ఈ సాహిత్యానికి పుట్టిల్లు లాంటిది. ఏడాది తిరిగేసరికే అప్పుల్లో పడింది. 1930లలో రచయితలకి డబ్బులు నెలల తరబడి ఆలస్యమయ్యేవి. కోనన్ కథలు రాసిన రాబర్ట్ హోవర్డ్ 1936లో చనిపోయేనాటికి ఆ పత్రిక ఆయనకి పెద్ద మొత్తమే బాకీ ఉంది. ఆయన కథల కోసమే పత్రిక కొన్న పాఠకులు ఎంతమందో! ఆ డబ్బు మాత్రం ఆయన బతికుండగా చేతికి అందలేదు.

అందుకే కథ అచ్చయ్యాక కాదు, కథ తీసుకున్నప్పుడే డబ్బు ఇవ్వండి. కుదరకపోతే ఒప్పందం మీద సంతకం అయిన ఇన్ని రోజుల్లోగా అని అంకె వేసి రాయండి. సంచిక ఆలస్యమైతే ఆ భారం రచయిత మీద పడకూడదు.

హక్కుల సంగతి కూడా ముందే చెప్పండి. మీకు కావాల్సింది మొదటి ప్రచురణ హక్కు, కొన్ని నెలల పాటు కథ ఇంకెక్కడా రాకుండా చూసుకునే హక్కు. అంతే. సినిమా హక్కులు, అనువాద హక్కులు, 'ఇకపై రాబోయే అన్ని మాధ్యమాలూ' అని ఒప్పందంలో కనిపిస్తే అనుభవమున్న రచయిత ఆ పేజీ దగ్గరే ఆగిపోతారు.

వెన్నెలపిట్ట

నేను రాయను, చదువుతాను. ఇలాంటి ప్రచారాలకి డబ్బిచ్చే అలవాటుంది కాబట్టి ఇటువైపు నుంచి చెబుతాను.

నాకు మగ్గులొద్దు, టీషర్టులొద్దు, మెటల్ బ్యాడ్జీలొద్దు. వాటిని తయారుచేయించి, ప్యాక్ చేసి పంపడంలో మీ సగం శ్రమ పోతుంది. నేను డబ్బిచ్చేది కథ కోసం. ప్రచారం పేజీలో ఒక పూర్తి కథ పెట్టండి. ముక్క కాదు, పూర్తి కథ. అది చదివి నాకు నచ్చితే లింకు పదిమందికి నేనే పంపుతాను. 'ప్రపంచంలోనే అత్యంత భయానక పత్రిక' లాంటి పెద్ద అక్షరాలు చూసి ఇప్పటిదాకా ఎవరికీ ఏ లింకూ పంపలేదు.

రెండోది, అప్‌డేట్లు. ఆలస్యమైతే పర్వాలేదు. నెలలు గడుస్తున్నా ఉలుకూ పలుకూ లేకపోతేనే ఒళ్లు మండుతుంది. ఒక ప్రచారంలో డబ్బు తీసుకున్నాక ఏడాదికి పైగా మాట లేదు. పుస్తకం చివరికి వచ్చింది, బాగుంది కూడా. కానీ వాళ్ల తర్వాతి ప్రచారానికి నేను డబ్బివ్వలేదు.

సిరాబుడ్డి

లేఅవుట్, ప్రీప్రెస్ (ఫైళ్లని అచ్చుకి సిద్ధం చేయడం) నా పని. ముఖచిత్రం గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను, ఎందుకంటే డార్క్ ఫాంటసీ పత్రికలకి అచ్చులో వచ్చే పెద్ద తలనొప్పి అదే.

చిత్రకారుడు స్క్రీన్ మీద గీస్తాడు. వెనక నల్లని అడవి, అందులో ముదురు నీలం నీడలు, ఆ నీడల్లో ఒక ముఖం. స్క్రీన్ వెలుగుని చిమ్ముతుంది కాబట్టి ఆ ముఖం కనబడుతుంది. అదే బొమ్మని నాలుగు సిరాల్లోకి మార్చి కాగితం మీద వేస్తే నీలం, నలుపు, ముదురు ఆకుపచ్చ కలిసిపోయి ఒకే బురద అవుతుంది. ముఖం మాయం. డబ్బిచ్చిన పాఠకుడికి అందేది ఒక నల్ల చదరం.

చేయాల్సిందిది. చిత్రకారుడికి మొదట్నుంచీ ఇది అచ్చుకి వెళ్లేదని చెప్పి, నీడల్లో ఉన్న ముఖ్యమైన ఆకారాలు కాస్త తేటగా ఉండేలా గీయించండి. ఫైలు 300 డీపీఐ, నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరించేటప్పుడు పోవడానికి బొమ్మని అంచు దాటి పొడిగించిన భాగం. నలుపు విషయానికొస్తే, ఒక్క నల్ల సిరాతోనే పెద్ద జాగా నింపితే బూడిద రంగులా వెలవెలబోతుంది. అందుకే కింద మిగతా రంగులు కూడా వేస్తాం: సయాన్ 60, మెజెంటా 40, యెల్లో 40, నలుపు 100 అనుకోండి. నాలుగు సిరాలూ కలిపి 240 శాతం. ఆర్ట్ పేపర్ మీద ఇది 300 దాటితే సిరా సరిగ్గా ఆరకపోవచ్చు, వెనక షీటుకి అంటుకోవచ్చు. మీ ప్రెస్‌వాళ్లకి ఎంత పరిమితో అడిగి, దాని ప్రకారమే చేయండి.

ఆ నలుపు మీద తెల్లక్షరాలు వేయాలని ప్రతి డార్క్ ఫాంటసీ సంపాదకుడికీ ముచ్చటే. శీర్షికకి వేసుకోండి. రచయితల పేర్లు చిన్న సైజులో వేస్తే మాత్రం నాలుగు రంగుల్లో ఏ ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా ఒత్తులు పూడిపోతాయి. లోపలి పేజీల్లో కథని నల్ల సిరా ఒక్కదానితోనే వేయాలి, ఈ కలగలుపు నలుపు అక్కడికి రాకూడదు.

ప్రూఫ్‌ని ఫోన్లో చూసి ఓకే చెప్పకండి. అసలు వాడే కాగితం మీద ఒక ప్రతి వేయించి, పగటి వెలుతురులో ఒకసారి, రాత్రి గదిలో దీపం కింద ఒకసారి చూడండి. పత్రిక చదివేది ఎక్కువగా రెండో చోటే.

రేచుక్క

ఇంత వివరంగా చెబుతారనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. పాతసంచిక గారి మాట ప్రకారం ఒక్క సంచికకే లెక్క మొదలుపెట్టాం.

రెండు సందేహాలు. ఒకటి, అసలు అచ్చు అవసరమా? ఈబుక్ ఒక్కటే అయితే షిప్పింగ్ టెన్షన్ ఉండదు కదా. రెండు, కథల పిలుపు ఎప్పుడు ఇవ్వాలి? మాకు చదివేవాళ్లు ముగ్గురమే.

గుడ్లగూబ

పిలుపు సంగతి నేను చెబుతాను. నాది వచ్చిన కథల కుప్ప మొదటిసారి చదివే పని.

ముగ్గురే అయితే తలుపులు ఏడాదంతా తెరిచి ఉంచకండి. రెండు వారాలు తెరవండి, మూసేయండి, అందరికీ జవాబులిచ్చాకే మళ్లీ తెరవండి. క్లార్క్స్‌వరల్డ్ లాంటి పేరున్న పత్రికే 2023 ఫిబ్రవరిలో కథలు తీసుకోవడం కొన్నాళ్లు ఆపేయాల్సొచ్చింది. ఏఐతో పుట్టించిన కథలు ఒక్క నెలలో వందల కొద్దీ వచ్చిపడ్డాయి. మీకూ వస్తాయి. అలాంటివి తీసుకోబోమని నియమాల్లో స్పష్టంగా రాయండి. అదే ఏడాది ఆగస్టు చివర్నుంచి కిక్‌స్టార్టర్ కూడా ప్రాజెక్టులో ఏఐ వాడకం ఉంటే ప్రచారం పేజీలోనే చెప్పాలని నియమం పెట్టింది. బొమ్మలకీ ఇది వర్తిస్తుంది, కాబట్టి చిత్రకారుడితో ఒప్పందంలో కూడా ఒక వాక్యం ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం. 'మంచి డార్క్ ఫాంటసీ కథలు పంపండి' అని రాస్తే ఏమొస్తాయో చెబుతాను. నవలల మొదటి అధ్యాయాలు వస్తాయి: ఒక లోకం, మూడు రాజ్యాలు, ఏడు తెగలు, కథ మాత్రం మొదలు కాదు. మొదటి పేజీలో భార్యనో కూతురినో చంపేసి, మిగతా పేజీలన్నీ హీరో పగ తీర్చుకునేవి వస్తాయి. చనిపోయిన ఆ మనిషికి ఒక్కోసారి పేరు కూడా ఉండదు. రక్తం ధారాళంగా పారే కథలు వస్తాయి, వాటిలో ఎవరికీ నొప్పి తెలియదు. ఇవి రాసినవాళ్లకి చేతకాక కాదు. చీకటంటే క్రూరత్వం పెంచడమేనన్న అభిప్రాయం అంతగా పాతుకుపోయింది.

నన్ను కుర్చీలోంచి లేవనివ్వని కథలు వేరు. వాటిలో మాయకి ఒక ఖరీదు ఉంటుంది. ఆ ఖరీదు ఎవరు చెల్లిస్తారన్నదే కథ. బిడ్డని బతికించుకోవడానికి తల్లి ఒక బేరం ఒప్పుకుంటుంది. ఆ బేరంలో తప్పెక్కడుందో చదివేవాడికి తెలుసు, అయినా తల్లిని ఆపాలనిపించదు. భయం అక్కడ పుడుతుంది. మీ నియమాల్లో ఇలాంటి మాట రాయండి. ఏం వద్దో కూడా రాయండి, కానీ వద్దన్నవాటి జాబితా కావాలన్నవాటి కంటే పెద్దది కాకూడదు. అంత పెద్ద జాబితా చూస్తే బిడియస్తులైన కొత్త రచయితలు వెనక్కి తగ్గుతారు. మీకు కావాల్సింది వాళ్లే.

కొరివి

గుడ్లగూబ గారి మాటకి ఒకటి కలుపుతాను. పేరు చూడకుండా చదవండి. కథ వేరు, రచయిత వివరాలు వేరు ఫైళ్లలో అడగండి. పేరున్నవాళ్ల కథ బలహీనంగా ఉన్నా తిప్పి పంపడానికి మొహమాటం అడ్డొస్తుంది, అది మనిషి సహజం.

గుడ్లగూబ

మొదటి విడతకి సరే. చివరి ఎంపికకి మాత్రం పేర్లు చూడాల్సిందేనని నా అభిప్రాయం. పేర్లు చూడకపోతే ఒకే వర్గం, ఒకే రకం అనుభవం ఉన్నవాళ్ల కథలతో సంచిక నిండిపోవచ్చు, అది అచ్చయ్యే దాకా ఎవరికీ తెలియదు. పైగా కథలో ఒక సమాజపు చావు ఆచారాల గురించి రాసినప్పుడు, రాసింది లోపలివాళ్లా బయటివాళ్లా అని సంపాదకుడు అడగగలగాలి.

కొరివి

అడగాలి, ఒప్పుకుంటాను. కానీ ఎంపిక పూర్తయ్యాక, ఎడిటింగ్ దశలో. ఇక్కడ మనిద్దరికీ కుదరదులెండి, రేచుక్క గారు వాళ్ల పద్ధతి వాళ్లు తేల్చుకోనీ.

పాతసంచిక

అచ్చా, ఈబుక్కా అన్నదానికి: రెండూ ఉంచండి, కానీ ప్రచారం ఈబుక్ మీద నిలబడాలి. ఈబుక్ తీసుకునేవాళ్ల డబ్బుతోనే రచయితల పారితోషికం వచ్చేటట్టు లెక్క వేయండి. అచ్చు ప్రతి ధరలో అచ్చు, ప్యాకింగ్ పూర్తిగా రావాలి. ఒకదాని నష్టం ఇంకోటి పూడ్చే ఏర్పాటు పెట్టుకోవద్దు. అచ్చు ప్రతులకి ఊహించనంత గిరాకీ వస్తే, అచ్చులో నష్టం వస్తున్న పత్రికకి ఆ గిరాకీయే ఉరి అవుతుంది.

షిప్పింగ్ డబ్బు ప్రచారంలో కలపకండి. సంచిక సిద్ధమయ్యాక, అప్పటి రేట్లతో విడిగా తీసుకోవచ్చు. దాన్ని ప్రచారం పేజీలోనే ముందుగా చెప్పాలి. ప్రచారానికీ పంపకానికీ మధ్య నెలలు గడుస్తాయి, ఈలోగా రేట్లు మారతాయి, నిబంధనలూ మారతాయి. యూరోపియన్ యూనియన్‌లో 2021 జూలై 1 నుంచి బయటి దేశాల చిన్న పార్సిళ్లకి కూడా వ్యాట్ పడుతోంది, అంతకుముందు 22 యూరోల లోపు వాటికి మినహాయింపు ఉండేది. సంచిక అందుకోవాల్సిన పాఠకుడు అనుకోకుండా పన్ను కట్టాల్సొస్తే కోపం మీ మీదకే వస్తుంది.

ఈబుక్కులకి ఒక్క దుకాణాన్నే నమ్ముకోవడం కూడా వద్దు. అమెజాన్ 2023లో కిండిల్ పత్రికల చందాల ఏర్పాటు ఎత్తేసింది. ఏళ్లుగా అక్కడ చందాదారుల్ని కూడబెట్టుకున్న కథల పత్రికలకి ఒక్కసారిగా ఆదాయం తెగిపోయింది. చందాదారు ఎవరో కూడా పత్రికకి తెలియదు, ఈమెయిల్ చిరునామా దుకాణం దగ్గరే ఉండిపోయింది. మీ పాఠకుల ఈమెయిళ్లు మీ దగ్గర ఉండాలి, వాళ్ల అనుమతితో.

స్ట్రెచ్ గోల్స్ గురించి కూడా. లక్ష్యం దాటాక వచ్చే ఉత్సాహంలో 'ఇంకో వెయ్యి వస్తే గట్టి అట్ట, ఇంకో వెయ్యికి ఆడియో, ఆపైన మ్యాప్' అని ప్రకటిస్తారు. ఒక్కోటీ ఒక్కో కొత్త పని, కొత్త మనిషి, కొత్త ఆలస్యం. నేను పెట్టనిచ్చే స్ట్రెచ్ గోల్ ఒక్కటే: రచయితల, చిత్రకారుల రేటు పెంచడం. దానికి కొత్త పని ఏమీ ఉండదు, పాఠకులకి కూడా గర్వంగా ఉంటుంది.

వెన్నెలపిట్ట

ఆఖరి మాటకి నా ఓటు. రచయితల రేటు పెరుగుతుందంటే నేను తప్పకుండా ఇంకాస్త కలుపుతాను.

అచ్చు విషయంలో మాత్రం, దయచేసి మానకండి. ఈ కథలు రాత్రిపూట ఫోన్లో చదువుతుంటే మధ్యలో నోటిఫికేషన్ వచ్చి పడుతుంది.

సిరాబుడ్డి

అచ్చు చేసేట్లయితే రెండు దారులు. ఆఫ్‌సెట్లో ప్లేట్ల ఖర్చు ముందే పడుతుంది, ప్రతులు పెరిగే కొద్దీ ఒక్కోదాని ఖర్చు తగ్గుతుంది. ప్రింట్ ఆన్ డిమాండ్లో, అంటే ఆర్డర్ వచ్చినప్పుడే ప్రతి వేసే పద్ధతిలో, ముందు ఖర్చు దాదాపు ఉండదు, కానీ ఒక్కో ప్రతి ఖరీదు ఎక్కువ, నలుపులు అంత గాఢంగా రావు. మొదటి సంచికకి ప్రతులు తక్కువైతే రెండోదే మేలు. మిగిలిపోయిన కట్టలు ఇంట్లో పేర్చుకునే బాధ ఉండదు.

పేజీల సంగతి: సెంటర్ పిన్ కొట్టించేట్లయితే మొత్తం పేజీలు 4తో భాగించబడాలి. 66 పేజీలు వస్తే 68 చేయాలి. ఆ రెండు పేజీల్లో ఏం వేస్తారో ముందే అనుకోండి, లేకపోతే ఆఖరి రాత్రి ఏదో ఒకటి కుక్కుతారు. పేజీలు ఎక్కువైతే పర్ఫెక్ట్ బైండింగ్‌కి (వెన్నుకి జిగురు పెట్టి అతికించేది) వెళ్లండి, అప్పుడు లోపలి మార్జిన్ పెంచాలి. పెంచకపోతే వాక్యాల మొదళ్లు వెన్నులోకి వెళ్లిపోతాయి. పత్రికకి ఐఎస్ఎస్ఎన్ తీసుకోండి. ఐఎస్‌బీఎన్ పుస్తకాలది, ఐఎస్ఎస్ఎన్ వరుసగా వచ్చే ప్రచురణలది. ఒక్కసారి తీసుకుంటే అచ్చు సంచికలన్నిటికీ అదే.

రేచుక్క

మీరందరూ చెప్పాక మేం ముగ్గురం కూర్చుని ప్లాన్ మార్చాం. ఒక్క సంచిక, ఆరు కథలు, దాదాపు 30,000 పదాలు. అందులో రెండు కథలు సొంత డబ్బుతో ముందే కొంటున్నాం, పారితోషికం సంతకం రోజునే. ఒకటి పూర్తిగా ప్రచారం పేజీలో పెడతాం. మిగతా నాలుగింటికి డబ్బు వచ్చాక రెండు వారాల పిలుపు. ప్రతి కథకీ బొమ్మ అన్నది వదిలేసి, ముఖచిత్రం, లోపల రెండు బొమ్మలతో సరిపెడుతున్నాం, అలా చిత్రకారుడికి తగినంత ఇవ్వగలం. మగ్గులు లేవు. స్ట్రెచ్ గోల్ ఒక్కటే, పాతసంచిక గారు చెప్పినదే. ప్రచారం 30 రోజులు.

పేర్లు చూడకుండా చదవడంపై మాలోనే ఇంకా వాదన నడుస్తోంది!

ఒకటి అడగాలి. కథల్లో పిల్లలకి హాని, ఆత్మహత్య లాంటివి ఉంటే ముందే హెచ్చరిక వేయాలా? కథ మలుపు బయటపడిపోతుందని మాలో ఒకరికి దిగులు.

గుడ్లగూబ

వేయండి, కానీ కథ నెత్తిన కాదు. సంచిక చివర ఒక పేజీలో కథల వారీగా రాసి, విషయసూచికలో 'కావాల్సినవాళ్లు ఫలానా పేజీ చూడండి' అని ఒక వాక్యం పెట్టండి. ఈబుక్‌లో లింకు ఇవ్వండి. వద్దనుకునేవాళ్లకి మలుపు తెలియదు, కావాలనుకునేవాళ్లకి దారి దొరుకుతుంది. ఏదో పోగొట్టుకుని, ఆ బాధ మోస్తూనే ఈ కథల దగ్గరికి వచ్చే పాఠకులు చాలామంది ఉన్నారు. వాళ్లకి చెప్పకుండా గుండెల మీద కొట్టకూడదు.

పాతసంచిక

ప్లాన్ బాగుంది. 30 రోజులు సరిపోతాయి, 60 దాకా పెట్టుకోవచ్చు గానీ మధ్యలో వారాల తరబడి ఏమీ కదలదు, మీకే నీరసం వస్తుంది. ప్రచారం మొదలయ్యే ముందే ప్రీలాంచ్ పేజీ తెరిచి, ఫాలో అయ్యేవాళ్లని పోగుచేయండి. మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చే డబ్బు చూసే కొత్తవాళ్లు ధైర్యం చేస్తారు.

పంపుతామనే తేదీకి మీ అంచనా కంటే రెండు నెలలు ఎక్కువ వేసుకోండి. ఎడిటింగ్ ఆలస్యమవుతుంది, ప్రూఫులు ఆలస్యమవుతాయి, ప్రెస్‌లో పండగ సీజన్ వస్తే అదీ ఆలస్యమే.

కొరివి

ముందే కొంటున్న ఆ రెండు కథల ఒప్పందంలో ఒక క్లాజు మర్చిపోవద్దు: ప్రచారం లక్ష్యం చేరకపోతే కథ హక్కులు వెంటనే రచయితకి తిరిగి వెళ్తాయి, ఇచ్చిన డబ్బు వెనక్కి అడగరు. ప్రచారం పేజీలో పెట్టే కథైతే అది అప్పటికే ప్రచురితమైనట్టే లెక్క, ఇంకే పత్రికా దాన్ని కొత్త కథగా తీసుకోదు. ఆ రచయితకి ఇది సంతకానికి ముందే చెప్పి, ఒప్పుకుంటేనే పెట్టండి.

రేచుక్క

ఆ క్లాజు ఇప్పుడే చేర్చాం. పేజీలో పెట్టబోయే కథ రచయితకి ఈ రాత్రే రాస్తాను. ఒప్పుకోకపోతే మాలో ఒకరి కథ పెడతాం, దానికి పారితోషికం ఉండదు.

సిరాబుడ్డి

ముఖచిత్రం రఫ్ వచ్చాక చిత్రకారుడి అనుమతితో నాకు పంపండి. రంగులు వేయకముందే పంపితే మంచిది, నీడలు అప్పుడైతే తేలిగ్గా సర్దొచ్చు.